నోరు తెరవకుండానే బిల్లు ఆపేస్తారు: ఫిలిబస్టర్ మీద మీ ప్రశ్నలు

అమెరికా పార్లమెంటులో ఎగువ సభ అయిన సెనేట్‌లో ఏదో ఒక బిల్లు ఆగిపోయిందని వార్త వచ్చిన ప్రతిసారీ ‘ఫిలిబస్టర్’ అనే మాట వినబడుతుంది. దాని మీద చాలా ప్రశ్నలు వచ్చాయి. కొన్ని రెండు మాటల్లో తేలిపోయేవి, కొన్ని రెండు వందల ఏళ్లు వెనక్కి వెళితే గానీ తేలనివి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే.

ప్రశ్న: 2025లో కోరీ బుకర్ అనే సెనేటర్ 25 గంటలు నిలబడి మాట్లాడారు కదా, అంతసేపు మాట్లాడి ఏ బిల్లును ఆపారు?

ఏ బిల్లునూ ఆపలేదండీ. అప్పుడు సభ ముందు ఆయన ఆపాల్సిన బిల్లంటూ ఏదీ లేదు. మార్చి 31 సాయంత్రం 7 గంటలకు మొదలుపెట్టి మర్నాడు రాత్రి 8 దాటాక ముగించారు, మొత్తం 25 గంటల 5 నిమిషాలు. ట్రంప్ ప్రభుత్వ విధానాలకు నిరసనగా చేసిన ప్రసంగం అది, సెనేట్ చరిత్రలో అన్నిటికంటే పొడవైనది. చాలామంది దాన్ని ఫిలిబస్టర్ అనేశారు గానీ కచ్చితంగా చెప్పాలంటే కాదు. ఓటింగ్ జరిగితే ఓడిపోతామని తెలిసినవాళ్లు అసలు ఓటింగే జరగకుండా అడ్డం పడటాన్ని ఫిలిబస్టర్ అంటారు. గంటల తరబడి మాట్లాడటం అందులో ఒక పద్ధతి, అది కూడా పాత పద్ధతి. ఇప్పుడు నోరు తెరవాల్సిన పనే లేదు. ఆ సంగతి కాస్త ఆగి చెబుతాను, ఎందుకంటే అసలు గొడవంతా అక్కడే ఉంది.

బుకర్ గురించి మాత్రం ఇంకొక్క మాట. అంతకుముందు దాదాపు 68 ఏళ్లు ఆ రికార్డు దక్షిణాది సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ పేరు మీద ఉండేది. నల్లజాతీయుల ఓటు హక్కును కాపాడటానికి 1957లో తెచ్చిన పౌరహక్కుల బిల్లుకు అడ్డుపడుతూ ఆయన 24 గంటల 18 నిమిషాలు మాట్లాడారు. ఆ రికార్డును ఒక నల్లజాతి సెనేటర్ చెరిపేయడం నాకు నిజంగా సంతోషంగా అనిపించింది, దాచుకోవడం ఎందుకు.

ప్రశ్న: ఈ మాట వినడానికే వింతగా ఉంది. ఎక్కడి నుంచి వచ్చింది?

సముద్రపు దొంగల దగ్గర నుంచి. డచ్ భాషలో దోపిడీ చేసుకు బతికేవాణ్ణి ‘వ్రైబౌటర్’ అనేవారు, అది స్పానిష్‌లోకి వెళ్లి ‘ఫిలిబుస్టెరో’ అయింది. కరీబియన్ సముద్రంలో ఓడలు దోచుకునేవాళ్లకు ఆ పేరు. 1850ల్లో అమెరికా నుంచి సొంత సైన్యాలు వేసుకుని మధ్య అమెరికా దేశాల మీద పడినవాళ్లనూ అలాగే పిలిచారు. వాళ్లలో విలియం వాకర్ అనేవాడు 1856లో నికరాగ్వాకు తనే అధ్యక్షుణ్ణని ప్రకటించుకున్నాడు, 1860లో హోండూరస్‌లో కాల్చి చంపారు. ఆ రోజుల్లోనే సభాసమయాన్ని దారికాచి దోచుకునేవాళ్లకు కూడా ఆ పేరు అంటుకుంది.

ప్రశ్న: ఫిలిబస్టర్ అమెరికా రాజ్యాంగంలోనే ఉందని, దేశ నిర్మాతలు కావాలనే పెట్టారని ఒకచోట చదివాను. నిజమేనా?

కాదు. ఈ అపోహ చాలామందిలో ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మామూలు మెజారిటీ చాలదు, అంతకంటే ఎక్కువ కావాలి అన్న సందర్భాలను రాజ్యాంగం విడిగా పేర్కొంది. విదేశీ ఒప్పందాలు ఆమోదించడానికి, అభిశంసనలో దోషిగా తేల్చడానికి, సభ్యుణ్ణి బహిష్కరించడానికి, అధ్యక్షుడి వీటోను కాదనడానికి, రాజ్యాంగ సవరణకు మూడింట రెండొంతులు కావాలి. మామూలు చట్టాలకు అలాంటి షరతు లేదు. పైగా దేశ నిర్మాతల్లో ఒకడైన అలెగ్జాండర్ హామిల్టన్ ఆ ఆలోచననే గట్టిగా వ్యతిరేకించాడు. కొద్దిమంది చేతిలో ఎక్కువమందిని ఆపే అధికారం పెడితే ప్రభుత్వం నడవదని ఆయన వాదన.

మరి ఎలా వచ్చింది? పొరపాటున వచ్చింది. మొదట్లో ప్రతినిధుల సభకూ సెనేట్‌కూ నిబంధనలు ఇంచుమించు ఒకటే. ‘ఇక చర్చ చాలు, ఓటింగ్‌కి వెళదాం’ అని తీర్మానం పెట్టే వీలు రెండు చోట్లా ఉండేది. 1805లో ఉపాధ్యక్షుడు ఆరన్ బర్ (ఆయనే అంతకు కొన్ని నెలల ముందు ద్వంద్వ యుద్ధంలో హామిల్టన్‌ను కాల్చి చంపాడు) పదవి దిగిపోతూ, సెనేట్ నిబంధనల పుస్తకం గజిబిజిగా ఉంది, వాడకంలో లేనివి తీసేయండి అని సలహా ఇచ్చాడు. ఆ తీర్మానం నిబంధనను అప్పట్లో ఎవరూ పెద్దగా వాడేవారు కాదు. 1806లో తీసేశారు. అపరిమిత చర్చ కావాలనే ఆశయం గానీ, మైనారిటీని కాపాడాలనే సిద్ధాంతం గానీ అందులో లేవు, అది పాత సామాను బయటపడేసినట్టు జరిగిన పని. తలుపు గడియ ఊడిపోయిందని చాలా ఏళ్ల దాకా ఎవరూ గమనించలేదు కూడా. 1837లో ఒకసారి, 1841లో బ్యాంకు బిల్లు మీద ఇంకోసారి గట్టిగా వాడారు. అప్పుడు సెనేటర్ హెన్రీ క్లే నిబంధన మార్చేస్తానని బెదిరించి చివరికి వెనక్కి తగ్గాడు.

ప్రతినిధుల సభ మాత్రం ఆ తీర్మానాన్ని అట్టే పెట్టుకుంది. అందుకే అక్కడ ఫిలిబస్టర్ లేదు.

ప్రశ్న: గంటలు గంటలు నిలబడితే బాత్రూమ్ సంగతి ఏంటండీ? అడగడానికి మొహమాటంగా ఉంది కానీ అడుగుతున్నాను.

మొహమాటం దేనికి, ఫిలిబస్టర్ల చరిత్రలో సగం ఆ సమస్య చుట్టూనే తిరిగింది. మాట్లాడే సెనేటర్ నిలబడే ఉండాలి, కూర్చోకూడదు, సభ దాటి వెళ్లకూడదు. వెళితే మాట్లాడే అవకాశం పోతుంది. ఇంకో సెనేటర్ ప్రశ్న అడుగుతుంటే వినొచ్చు, గొంతుకి ఆ కాసేపే విశ్రాంతి. మాట్లాడేది బిల్లు గురించే అయ్యుండాలన్న పట్టింపు పెద్దగా లేదు. 1935 జూన్‌లో లూసియానా సెనేటర్ హ్యూయీ లాంగ్ పదిహేనున్నర గంటలు మాట్లాడుతూ ఆయిస్టర్లు ఎలా వేయించాలో కూడా వివరించారు, చివరికి తెల్లవారుజామున బాత్రూమ్‌కి వెళ్లక తప్పక ఆపేశారు.

థర్మండ్ ముందే లెక్కేసుకుని వచ్చారు. ఒంట్లో నీరంతా చెమటగా పోవడానికి ఆవిరి స్నానం చేశారు, అలా చేస్తే ప్రసంగం మధ్యలో తాగే నీళ్లు ఒంట్లోకే ఇంకిపోతాయని. రాష్ట్రాల ఎన్నికల చట్టాలు ఒక్కొక్కటిగా చదివారు, స్వాతంత్ర్య ప్రకటన చదివారు, జార్జ్ వాషింగ్టన్ వీడ్కోలు సందేశం చదివారు. రాత్రి 9కి అటూ ఇటూగా మొదలైనది మర్నాడు రాత్రి 9 దాటేదాకా సాగింది. ఆయన కూర్చున్న రెండు గంటల్లోపే ఓటింగ్ పెట్టారు, బిల్లు 60-15తో నెగ్గింది.

నన్ను కదిలించేది మాత్రం 1908 నాటి కథ. కరెన్సీ బిల్లును ఆపడానికి ముగ్గురు సెనేటర్లు వంతులు వేసుకున్నారు. విస్కాన్సిన్ నుంచి వచ్చిన లా ఫాలెట్ 18 గంటలకు పైగా మాట్లాడారు. తర్వాత మిస్సోరీ సెనేటర్ స్టోన్, ఆయన తర్వాత ఓక్లహోమా సెనేటర్ థామస్ గోర్. గోర్‌కి చూపు లేదు. స్టోన్ విశ్రాంతి తీసుకుని మళ్లీ సభలోకి రాగానే గోర్ ఆపేయాలి, స్టోన్ అందుకోవాలి, అదీ ఏర్పాటు. స్టోన్ వచ్చి కూర్చున్నారని కబురు అందింది, గోర్ తన ప్రసంగం ముగించి కూర్చున్నారు. కానీ ఆ కాస్త వ్యవధిలో స్టోన్ మళ్లీ బయటికి వెళ్లారు. సభలో ఎవరూ లేచి నిలబడలేదు. ఆ నిశ్శబ్దం ఎందుకో గోర్‌కి అర్థమయ్యేలోపే అవతలి పక్షం ఓటింగ్‌కి పిలుపు ఇప్పించేసింది. అంత కష్టం ఒక్క క్షణంలో పోయింది.

ప్రశ్న: అన్యాయాన్ని ఎదిరిస్తూ ఒంటరిగా నిలబడి మాట్లాడే సెనేటర్ అంటే నాకు చాలా గౌరవం. ఫిలిబస్టర్ అంటే బలహీనుల ఆయుధం కాదా?

మీరు చెప్పిన ఆ బొమ్మ చాలామంది మనసులో ఉంది, నాకూ ఒకప్పుడు ఉండేది. రికార్డులు చదవడం మొదలుపెట్టాక పోయింది. కొంచెం ఓపిగ్గా చదవండి, ఈ జవాబు పెద్దదే.

ముందు 1917. జర్మనీ జలాంతర్గాములు ఓడలు ముంచేస్తున్న సమయంలో వాణిజ్య ఓడలకు ఆయుధాలు ఇవ్వడానికి అధ్యక్షుడు విల్సన్ బిల్లు తెచ్చారు. పదిమందికి కాస్త పైచిలుకు సెనేటర్లు సమావేశాల గడువు మార్చి 4తో ముగిసేదాకా దాన్ని సాగదీశారు. విల్సన్ వాళ్ల మీద బహిరంగంగా మండిపడ్డారు. నాలుగు రోజుల్లోనే, మార్చి 8న, సెనేట్ 76-3తో కొత్త నిబంధన పెట్టుకుంది. అదే 22వ నిబంధన. ఓటేసేవాళ్లలో మూడింట రెండొంతులు ఒప్పుకుంటే చర్చ ముగించవచ్చు. దీన్నే ‘క్లోచర్’ అంటారు. చెప్పుకోడానికి బాగుంది గానీ తర్వాతి 46 ఏళ్లలో అది నెగ్గింది ఐదుసార్లే.

ఆ మధ్యకాలంలో ఫిలిబస్టర్ ఎక్కువగా ఎవరి మీద పనిచేసిందో చూడండి. నల్లజాతీయులను గుంపులుగా వచ్చి కొట్టి చంపడం, చెట్లకు ఉరితీయడం దక్షిణాది రాష్ట్రాల్లో దశాబ్దాల పాటు జరిగింది, స్థానిక కోర్టుల్లో శిక్షలు పడేవి కావు. దాన్ని కేంద్ర నేరంగా మార్చే బిల్లును ప్రతినిధుల సభ 1922లోనే ఆమోదించింది. సెనేట్‌లో దక్షిణాది సభ్యులు ఫిలిబస్టర్‌తో ఆపేశారు. 1935లో మళ్లీ ఆపారు. 1938లో వారాల తరబడి మాట్లాడి మళ్లీ ఆపారు. ఈ వైఫల్యానికి 2005లో సెనేట్ తీర్మానం చేసి క్షమాపణ చెప్పింది. చట్టం ఎప్పుడు వచ్చిందో తెలుసా? 2022 మార్చిలో. 1955లో మిసిసిపిలో చంపేసిన 14 ఏళ్ల ఎమెట్ టిల్ అనే పిల్లవాడి పేరు దానికి పెట్టారు. 1922 నుంచి 2022. వందేళ్లు. ఈ ఒక్క లెక్క చూశాక ‘బలహీనుల ఆయుధం’ అన్న మాట నాకు నోటికి రాదు. సభలో వాళ్లు మైనారిటీయే, నిజమే. కానీ వాళ్లు కాపాడుకుంటున్నది వాళ్ల రాష్ట్రాల్లో వాళ్లకున్న పెత్తనాన్ని.

1960లో ఒక పౌరహక్కుల బిల్లు కోసం సెనేట్ మెజారిటీ నాయకుడు లిండన్ జాన్సన్ ఒక ప్రయత్నం చేశారు. రాత్రింబవళ్లు సభ నడిపిద్దాం, అలిసిపోయి వాళ్లే దారికి వస్తారు అనుకున్నారు. జరిగింది తారుమారు. దక్షిణాది వాళ్లు 18 మంది జట్లుగా విడిపోయి వంతులవారీగా వచ్చారు. మాట్లాడటానికి ఒక్కడుంటే చాలు, మిగతావాళ్లు హాయిగా పడుకోవచ్చు. సభ నడవాలంటే కోరం ఉండాలి, కాబట్టి వాళ్లు ఏ అర్ధరాత్రో కోరం లెక్కపెట్టమని అడిగితే 51 మందిని పోగుచేయాల్సిన బాధ్యత మెజారిటీ వాళ్లది. మంచాలు వేసుకుని సభ పక్కనే పడుకుని, గంట మోగినప్పుడల్లా కళ్లు నులుముకుంటూ పరిగెత్తినవాళ్లు బిల్లు కావాలన్నవాళ్లే. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ అవసరమవుతుంది.

ఇక 1964. పౌరహక్కుల బిల్లు మీద 60 పనిదినాలు చర్చ సాగింది. అప్పటిదాకా పౌరహక్కుల బిల్లు మీద ఫిలిబస్టర్‌ను సెనేట్ ఒక్కసారి కూడా ఆపలేకపోయింది. జూన్ 10 ఉదయం, బిల్లును అడ్డుకుంటున్న సెనేటర్ రాబర్ట్ బర్డ్ 14 గంటల 13 నిమిషాల ప్రసంగం ముగించాక క్లోచర్ మీద పేర్లు పిలవడం మొదలైంది. కాలిఫోర్నియా సెనేటర్ క్లెయిర్ ఎంగిల్‌కి మెదడులో కణితి, మాట పడిపోయింది, ఆయన్ని చక్రాల కుర్చీలో సభలోకి తీసుకొచ్చారు. గుమస్తా పేరు పిలిచాడు. జవాబు లేదు. మాట్లాడాలని ప్రయత్నించారు, రాలేదు. అప్పుడు ఆయన చెయ్యి కష్టం మీద పైకి లేపి తన కంటిని చూపించారు. ఇంగ్లీషులో కన్నుకీ, సభలో ‘అవును’ అని ఓటేసే మాటకీ శబ్దం ఒకటే, ‘ఐ’. గుమస్తా అర్థం చేసుకుని అనుకూలంగా రాసుకున్నాడు. 71-29తో చర్చ ముగిసింది, కావాల్సింది 67. జూలై 2న అది చట్టమైంది. ఆ నెలాఖరుకే ఎంగిల్ చనిపోయారు.

ఓటింగ్ దాకా రావడానికే అంత కష్టపడాల్సి వచ్చిన చట్టం అది. ఒంటరిగా నిలబడిన మనిషి అంటే ఇప్పుడు నాకు గుర్తొచ్చేది మాట్లాడలేకపోయిన ఆ మనిషే.

ప్రశ్న: మరి ఇప్పుడు ఎవరూ గంటల తరబడి మాట్లాడుతున్నట్టు కనిపించదు, అయినా బిల్లులు ఆగుతూనే ఉన్నాయి. ‘60 ఓట్లు’ అంటారు, ఆ లెక్క ఏమిటి?

మొదట్లో చెబుతానన్న సంగతి ఇదే. రెండు మార్పులు జరిగాయి, రెండూ మంచి ఉద్దేశంతోనే.

1970ల మొదట్లో సెనేట్ ‘రెండు పట్టాల’ పద్ధతి మొదలుపెట్టింది. అంతకుముందు ఒక బిల్లు మీద ఫిలిబస్టర్ నడుస్తుంటే మిగతా పనులన్నీ ఆగిపోయేవి. కొత్త పద్ధతిలో ఆ బిల్లును పక్కకు పెట్టి వేరే పనులు చేసుకోవచ్చు. సభ స్తంభించదు, సౌకర్యమే. కానీ అడ్డుకునేవాడి మీద ఉన్న ఒత్తిడి కూడా దాంతోపాటే పోయింది. ‘దేశం పనులన్నీ నీ ఒక్కడి వల్ల ఆగిపోయాయి’ అని ఇక ఎవరూ అనలేరు.

తర్వాత 1975లో క్లోచర్‌కి కావాల్సిన సంఖ్యను తగ్గించారు. మూడింట రెండొంతులు కాస్తా అయిదింట మూడొంతులైంది, అంటే వంద మందిలో 60. తగ్గించారు కాబట్టి తేలికైందనుకుంటాం. అయితే చిన్న మెలిక ఉంది. పాత లెక్క ఓటేసినవాళ్లలో, కొత్త లెక్క మొత్తం సభ్యుల్లో. పాత పద్ధతిలో అడ్డుకునేవాళ్లు సభకు రాకపోతే వాళ్లే నష్టపోయేవారు. కొత్త పద్ధతిలో 41 మంది ఇంట్లో పడుకున్నా ఫరవాలేదు, బిల్లు కావాలన్నవాళ్లు 60 మందిని తెచ్చి చూపించాలి. 59 మంది వచ్చి, వ్యతిరేకించేవాళ్లు ఒక్కరూ రాకపోయినా చర్చ ముగియదు.

దాంతో ఇప్పుడు ఫిలిబస్టర్ అంటే ఒక కబురు. ‘మేం ఒప్పుకోం’ అని పార్టీ నాయకుడికి చెబితే చాలు. 16 మంది సంతకాలతో క్లోచర్ పిటిషన్ పెట్టాలి, మధ్యలో ఒక రోజు ఆగాలి, ఓటింగ్‌లో 60 రావాలి, వచ్చినా ఇంకో 30 గంటల దాకా సాగదీయొచ్చు. 1960ల్లో రెండేళ్ల కాలానికి ఇలాంటి పిటిషన్లు పది కూడా ఉండేవి కావు. ఇప్పుడు రెండేళ్లలో 200 దాటుతున్నాయి, నియామకాల మీద పెట్టేవి కూడా కలిపి.

2012 డిసెంబరులో న్యూటౌన్ స్కూల్లో 20 మంది పసిపిల్లలను, ఆరుగురు సిబ్బందిని కాల్చి చంపారు. తుపాకీ కొనేవాళ్ల నేరచరిత్ర తనిఖీని విస్తరించే ప్రతిపాదన 2013 ఏప్రిల్‌లో ఓటింగ్‌కి వచ్చింది. 54 మంది కావాలన్నారు, 46 మంది వద్దన్నారు. ఓడిపోయింది, ఎందుకంటే 60 రాలేదు. అడ్డుకున్నవాళ్లలో ఎవరూ 24 గంటలు నిలబడి, ఆ తల్లిదండ్రులు చూస్తుండగా, ఎందుకు వద్దంటున్నారో చెప్పాల్సిన అవసరం రాలేదు. నాకున్న అభ్యంతరమంతా ఇదే. ఆపే హక్కు ఉందనుకుందాం, ఆపేవాడు అందరి ముందు నిలబడి ఆపాలి కదా.

ప్రశ్న: 51 ఓట్లతో కూడా కొన్ని పాసవుతున్నాయి. అవెలా?

రెండు దారులు. ఒకటి బడ్జెట్ దారి, 1974 చట్టంతో వచ్చిన ‘రికన్సిలియేషన్’. పన్నులు, ఖర్చులకు సంబంధించిన బిల్లుకు చర్చ గంటలు ముందే నిర్ణయమై ఉంటాయి కాబట్టి సాగదీయడం కుదరదు. అందుకే 2017 పన్నుల చట్టం, 2021 కోవిడ్ సహాయ చట్టం, 2025 జూలైలో ట్రంప్ పెద్ద బిల్లు, అన్నీ ఈ దారిలోనే వెళ్లాయి. అయితే డబ్బుతో నేరుగా సంబంధం లేనివి అందులో ఇరికించకూడదు. కనీస వేతనం గంటకు 15 డాలర్లు చేసే అంశాన్ని 2021లో సెనేట్ పార్లమెంటేరియన్ (నిబంధనల మీద సభకు సలహా ఇచ్చే అధికారి) ఈ కారణంతోనే తీయించేశారు.

రెండోది నియామకాలు. 2013లో డెమొక్రాట్ల నాయకుడు హ్యారీ రీడ్, సుప్రీంకోర్టు తప్ప మిగతా నియామకాలకు 51 చాలని మార్పించారు. 2017లో రిపబ్లికన్ల నాయకుడు మెకానెల్ సుప్రీంకోర్టుకు కూడా అదే చేశారు, జడ్జిగా నీల్ గోర్సుచ్ నియామకం కోసం. రెండుసార్లూ ఓట్లు 52-48.

ప్రశ్న: వేరే దేశాల్లో ఇలాంటివి లేవా?

ఉన్నాయి, అమెరికా కంటే చాలా ముందు నుంచే. రోమన్ సెనేట్ చీకటి పడేలోపు పని ముగించాలి. ఆ నియమం పట్టుకుని కేటో అనే సెనేటర్ పొద్దుగూకేదాకా మాట్లాడేవాడు. క్రీ.పూ. 60లో సీజర్‌కి రెండు కోరికలు, విజయోత్సవ ఊరేగింపు, కాన్సుల్ పదవికి (రోమ్‌లో అన్నిటికంటే పెద్ద పదవి) పోటీ. ఊరేగింపు అయ్యేదాకా నగరంలో అడుగు పెట్టకూడదు, పోటీకి పేరు ఇవ్వాలంటే నగరంలోకి రావాలి. మినహాయింపు ఇమ్మని సీజర్ అడిగితే, కేటో ఆ రోజంతా మాట్లాడి గడువు దాటించేశాడు. సీజర్ ఊరేగింపు వదులుకుని పోటీకే వెళ్లాడు.

బ్రిటన్‌లో 1881లో ఐరిష్ సభ్యులు 41 గంటలు సభను సాగదీస్తే స్పీకర్ బ్రాండ్ తనంతట తానే చర్చ ఆపేశారు, మరుసటి ఏడాదే చర్చ ముగింపు నిబంధన వచ్చింది. దక్షిణ కొరియాలో 2016లో ఉగ్రవాద నిరోధక బిల్లు మీద 38 మంది ప్రతిపక్ష సభ్యులు ఒకరి తర్వాత ఒకరు 192 గంటలు మాట్లాడారు, బిల్లు ఆగలేదు. చిలీలో 2021 నవంబరులో జరిగింది నాకు బాగా నచ్చింది. అధ్యక్షుడి అభిశంసనకు ఒక సభ్యుడి ఓటు కావాలి, ఆయన కోవిడ్ క్వారంటైన్ అర్ధరాత్రికి గానీ ముగియదు. అందుకని హైమే నరాంహో అనే సభ్యుడు దాదాపు 15 గంటలు చదువుతూ నిలబడ్డారు. క్వారంటైన్ ముగిసిన సభ్యుడు వచ్చి ఓటేశాడు, అక్కడ తీర్మానం నెగ్గింది, తర్వాత అక్కడి సెనేట్‌లో వీగిపోయింది.

ప్రశ్న: మీరు ఫిలిబస్టర్‌ను మరీ తప్పుబడుతున్నారు. అది లేకపోతే ఒక్క ఓటు మెజారిటీ ఉన్న పార్టీ ఇష్టమొచ్చిన చట్టాలు చేసేయదా? నాలుగేళ్లకోసారి చట్టాలు తిరగబడవా?

మీ భయంలో నిజముంది, కొట్టిపారేయను. రెండు పార్టీలూ మైనారిటీలో ఉన్నప్పుడు దీన్నే పట్టుకుని వేలాడతాయి, మెజారిటీ రాగానే తిట్టుకుంటాయి. 2025 అక్టోబరు 1 నుంచి 43 రోజులు ప్రభుత్వం మూతపడినప్పుడు రిపబ్లికన్లకు 53 మంది ఉన్నారు, 60 రాక ఖర్చుల బిల్లు పదేపదే ఆగింది, అడ్డుకున్నది డెమొక్రాట్లు. వాళ్ల వైపు నుంచి చూస్తే అది వాళ్ల చేతిలో మిగిలిన ఒకే ఒక్క పట్టు.

అయితే ఒక్క విషయం ఆలోచించండి. చట్టం వస్తే జనం దాని ఫలితం చూస్తారు, నచ్చకపోతే చేసినవాళ్లను ఓడిస్తారు. చట్టమే రాకపోతే? చేస్తామన్నవాళ్లు చేతకానివాళ్లలా కనిపిస్తారు, ఆపినవాళ్లు కనిపించనే కనిపించరు. రాజీకి రావడానికి ఫిలిబస్టర్ ఒత్తిడి పెడుతుందంటారు. 1964లో అలా జరిగింది కూడా, రిపబ్లికన్ నాయకుడు డర్క్‌సెన్‌తో కూర్చుని మాట్లాడితేనే ఆ ఓట్లు వచ్చాయి. కానీ అప్పుడు అడ్డుకునేవాళ్లు ప్రతిరోజూ సభలో ఉండాల్సి వచ్చింది, దేశం చూస్తోంది. ఇప్పుడా ఒత్తిడి ఎక్కడుంది?

ప్రశ్న: అయితే తీసేయడం సాధ్యమేనా? దానికి కూడా 60 కావాలా?

నిబంధన పుస్తకం ప్రకారం నిబంధనల మార్పుకు క్లోచర్ కావాలంటే 60 కూడా చాలదు, ఓటేసేవాళ్లలో మూడింట రెండొంతులు కావాలి. కానీ పక్కదారి ఉంది, 2013లోనూ 2017లోనూ వాడింది అదే, ‘న్యూక్లియర్ ఆప్షన్’ అంటారు. మెజారిటీ నాయకుడు లేచి ‘దీనికి మామూలు మెజారిటీ చాలు’ అని అభ్యంతరం లేవనెత్తుతాడు. సభాపతి స్థానంలో ఉన్నవారు నిబంధన చూసి కుదరదంటారు. ఆ రూలింగ్ మీద అప్పీలు చేస్తారు, అప్పీలు తేలడానికి మామూలు మెజారిటీ చాలు. రూలింగ్ కొట్టేస్తే అదే కొత్త సంప్రదాయమైపోతుంది. పుస్తకంలో ఒక్క అక్షరం మారదు.

కాబట్టి 51 మంది నిజంగా అనుకుంటే ఏ మధ్యాహ్నమైనా అయిపోతుంది. అనుకోరు, రేపు తామే మైనారిటీ అవుతామని.

నన్నడిగితే పూర్తిగా తీసేయక్కర్లేదు, బరువును అటు నుంచి ఇటు మార్చితే చాలు. ముగించడానికి 60 మందిని తెమ్మనడం కాదు, కొనసాగించడానికి 41 మందిని తెమ్మనాలి, పగలైనా రాత్రైనా సభలో ఉండమనాలి. ఒట్టిగా ‘నిలబడి మాట్లాడాలి’ అని పెడితే 1960లో లాగే మంచాలు వేసుకోవాల్సింది మళ్లీ మెజారిటీ వాళ్లే, అందుకే ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను.

ఆ దిశగా చిన్న అడుగు 2022 జనవరి 19న వేయబోయారు. ఓటు హక్కు బిల్లు ఒక్కదానికి మాత్రం, అడ్డుకునేవాళ్లు నిలబడి మాట్లాడాలి, మాటలు అయిపోయాక మామూలు మెజారిటీతో ఓటింగ్ జరగాలి అని డెమొక్రాట్లు ప్రతిపాదించారు. రిపబ్లికన్లు 50 మందితో పాటు డెమొక్రాట్లలో జో మంచిన్, కిర్‌స్టెన్ సినెమా వద్దన్నారు. 48-52తో పోయింది, ఓటు హక్కు బిల్లు కూడా దాంతోనే ఆగిపోయింది.